ఎర్రగుడ్డ ఎత్తని దగ్గు

మా బావ దగ్గి సంసారం నడిపాడు. వినడానికి వింతగా ఉంటే నేనేం చేయను, నిజం అదే మరి. మొదట రేడియో నాటకాల్లో, ఆ తర్వాత టీవీ సీరియళ్లలో మంచాన పడ్డ తండ్రులందరికీ దగ్గు అరువిచ్చింది ఆయనే. తెర మీద ఎవరో పెద్ద నటుడు కళ్లు తేలేసి, గుండె పట్టుకుని, మెడ నరాలు ఉబ్బించి నానా తంటాలు పడుతుంటాడు. చూసేవాళ్లు కళ్లు ఒత్తుకుంటారు. ఆ చప్పుడు మాత్రం గాజు గదిలో స్టూలు మీద కూర్చుని, పక్కన వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని మా బావ చేసిందే. స్టూడియోలో అందరూ ఆయన్ని దగ్గు మాస్టారు అనేవారు. ఆ పేరుకి ఆయన పొంగిపోయేవాడు, మా అక్క కుంగిపోయేది.

ఆ పనిలోకి ఆయన కావాలని వెళ్లలేదు. కుర్రతనంలో గుంపు గొంతుల కోసం పిలిస్తే రేడియో స్టేషన్‌కి వెళ్లాడు. నలుగురితో కలిసి "న్యాయం కావాలి, న్యాయం కావాలి" అని అరవడం వరకే ఆయన వంతు. ఆ రోజు జలుబు చేసింది. సరిగ్గా న్యాయం అడగాల్సిన చోట దగ్గొచ్చింది. అద్దం అవతల కూర్చున్న డైరెక్టరు లేచి నిలబడి, "ఎవరయ్యా ఆ దగ్గింది?" అన్నాడు. పక్కనున్న వాళ్లంతా గోడ వైపు జరిగిపోయి బావని మధ్యలో ఒంటరిగా వదిలేశారు. ఉన్న అవకాశం కాస్తా ఊడిందనుకుని బావ చెప్పులు వెతుక్కుంటున్నాడట. డైరెక్టరు వచ్చి భుజం మీద చెయ్యేసి, "న్యాయం సంగతి వీళ్లు చూసుకుంటారు గానీ, నువ్వు దగ్గు" అన్నాడట. ఆ తర్వాత బతుకంతా బావ చేత ఒక్క డైలాగు చెప్పించినవాళ్లు లేరు.

అన్ని దగ్గులూ ఒకటి కావని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంటికొచ్చిన అల్లుడికి తను మేలుకునే ఉన్నానని తెలియజెప్పే మామగారి దగ్గు వేరు. ఆస్తి ఎవరికి రాశాడో చెప్పబోతూ సరిగ్గా పేరు దగ్గర ఆగిపోయే వీలునామా దగ్గు వేరు. ఎదుటివాడు అబద్ధమాడుతుంటే "తెలుస్తూనే ఉందిలే" అని చెప్పే దగ్గు వేరు. ముసలమ్మలకీ ఆయనే దగ్గేవాడు. ఆయన దగ్గు పెట్టుకున్న నటులు నలుగురు ఇప్పటికే పోయారు, వాళ్ల దగ్గులు మాత్రం మా వంటింటి గుమ్మంలో కాఫీ అడుగుతూ తిరుగుతుంటాయి. ఎందుకంటే "ఏమోయ్, కాఫీ" అనడం బావకి చేతకాదు. వీలునామా దగ్గు ఒకటి దగ్గుతాడు. అక్క గ్లాసు తెచ్చి ఠంగుమని ముందు పెడుతుంది.

"నోరు లేదా మీకు? మనిషిలా అడగలేరా?" అంటుంది.

ఆయన దానికి జవాబుగా మామగారి దగ్గు దగ్గుతాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో జరిగిన పోట్లాటలన్నీ ఎక్కడ మొదలైనా ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగేవి. "ఆ దగ్గు ఆపండి" అనేది అక్క.

నేను అక్క చెల్లెల్ని. వాళ్లింటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని చొక్కాలూ ప్యాంట్లూ కుడతాను. అక్క పెళ్లినాటికి నేను గౌను వేసుకునే పిల్లని, అందుకని బావని నువ్వు అనే పిలుస్తాను. అక్కకి ముక్కు మీద కోపం. నాకు నోరు కాస్త ఎక్కువని వీధిలో అనుకుంటారు. అనుకోనీ, వాళ్ల ప్యాంట్లు పొట్టి చేసేది నేనే.

బావ జబ్బుని ముందు పట్టుకున్నది నా టేపు. స్టూడియో వాళ్ల వార్షికోత్సవానికి బావకి కొత్త చొక్కా కుడదామని చంక కొలత తీస్తున్నాను. రెండు వైపులా కాస్త తేడా ఎవరికైనా ఉంటుంది గానీ ఈ తేడా నాకు నచ్చలేదు. టేపు పక్కన పెట్టి వేళ్లతో తడిమితే ఎడమ చంకలో నిమ్మకాయంత గడ్డ.

"ఇదేమిటి బావా?"

"ఏదో లేవే. కండ."

"స్టూలు మీద కూర్చుని దగ్గేవాడికి కండెక్కడి నుంచి వచ్చిందయ్యా?"

నొప్పి లేదు కదా అని నాన్చబోయాడు. అక్క ఊరుకోలేదు. ఆస్పత్రిలో గడ్డ లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. ఆ మాట విన్నాక అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ ఉండిపోయింది.

డాక్టరమ్మ పొట్టి మనిషి, ఓపిక మాత్రం చాలా పొడుగు. కుర్చీ దగ్గరికి లాక్కుని బావకి విడమర్చి చెప్పింది.

"మన ఒంటికి కాపలా కాసే తెల్లకణాలుంటాయి కదా మాస్టారూ, ఇది ఆ జాతిలోనే పుట్టిన జబ్బు. వాటిల్లో కొన్ని దారి తప్పి ఆగకుండా పెరిగిపోతున్నాయి. మందుకి లొంగే రకమే. కీమో మొదలుపెడదాం."

"అంటే కాపలావాడే దొంగయ్యాడన్నమాట," అన్నాడు బావ తల పంకిస్తూ. "మా సీరియల్లోనూ అంతేనండి. కథ దొరక్క వాచ్‌మన్నే విలన్ని చేశారు."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. కీమో మందుకి మంచీ చెడూ మొహాలు తెలియవట. గబగబా పెరిగే కణం ఏది దొరికితే దాన్ని కొడుతుందట. అందుకే గడ్డతో పాటు జుట్టూ పోతుంది, నోరు పూస్తుంది. ఎముకల మూలుగలో రోజూ తయారయ్యే మంచి తెల్లకణాలు కూడా తగ్గిపోతాయి.

"మందు ఎక్కించాక రెండో వారంలో మీ ఒంట్లో కాపలా దాదాపు ఉండదనుకోండి. ఆ తర్వాత మూలుగ మళ్లీ పుంజుకుంటుంది. ఆ మధ్యలో మాత్రం చిన్న క్రిమి చాలు, ఒక్క పూటలో ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం నూరు డిగ్రీలు కాస్త దాటిందా, ఏ వేళైనా సరే పరిగెత్తుకు రావాలి. మాకు చెప్పకుండా జ్వరం మాత్ర మింగకూడదు. మింగితే జ్వరం దాక్కుంటుంది, జబ్బు దాక్కోదు."

"దగ్గొస్తే?" అన్నాడు బావ, తన సబ్జెక్టు వచ్చినవాడిలా ముందుకి వంగి.

"దగ్గొచ్చినా రండి. కానీ దగ్గు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆ రోజుల్లో అది రాకపోవచ్చు."

బావ మొహం మాడిపోయింది. "ఛాతీలో క్రిమి చేరితే దగ్గు రాకపోవడమేమిటండీ?"

"క్రిమితో తెల్లకణాలు తలపడతాయి. ఆ కొట్లాట వల్లే చాలావరకు వాపూ, చీమూ, కఫమూ, దగ్గూ. కొట్లాడేవాళ్లే లేకపోతే రభస ఎక్కడిది? లోపల కొంప అంటుకుంటున్నా బయటికి పొగ కనపడదు. అందుకే జ్వరం చూడమంటున్నాను."

ఆటోలో వస్తున్నంతసేపూ బావ ఉడికిపోతూనే ఉన్నాడు. క్యాన్సరని చెప్పినందుకు కాదు, దగ్గు రాకపోవచ్చని అన్నందుకు. "ఆవిడ మంచి డాక్టరే, కాదనను. కానీ దగ్గు గురించి నాకా చెప్పేది? వస్తుంది. రాక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఖర్మ ఏమిటంటే, ఆ ఒక్క విషయంలో నేనూ అక్కా ఆయన్నే నమ్మాం. ఇంటినిండా దగ్గే నిండిన మనుషులం, దగ్గు లేని జబ్బుని మేం ఊహించలేకపోయాం.

అక్కకి పట్టుకున్న దిగులు వేరు. "పొద్దస్తమానం దగ్గే మనిషి. అందులో నిజం దగ్గు ఏదో నేనెలా పోల్చుకోను?" అని తల పట్టుకుంది. బావ వెంటనే మా ఇద్దర్నీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. నిజం దగ్గుకి మొదలు సరిగా ఉండదనీ, నాటకం దగ్గుకి చివర్న ఒక చిన్న విరుపు ఉంటుందనీ చెప్పి, ఇరవై రకాలు దగ్గి చూపించాడు. పరీక్ష పెడితే అక్క అన్నీ తప్పు చెప్పింది. నేను సగం తప్పు చెప్పాను. చివరికి బావే తన నిజం జలుబు దగ్గుని నాటకం అనుకుని మెచ్చుకున్నాడు. ఇలా లాభం లేదని నేనొక ఉపాయం చెప్పాను. నా గుడ్డముక్కల బుట్టలోంచి ఎర్ర శాటిన్ ముక్క తీసి, చుట్టూ అంచు కుట్టి ఆయన చేతిలో పెట్టాను. సాధన కోసమైనా, కాఫీ కోసమైనా దగ్గదలుచుకుంటే ముందు ఆ ఎర్రగుడ్డ ఎత్తాలి. గుడ్డ ఎత్తకుండా వచ్చిన దగ్గు నిజం దగ్గు, దానికి ఆటో పిలవాలి.

ఈ చట్టం పెట్టాక మా ఇంటి పరిస్థితి ఎలా ఉండేదో చెప్తే నవ్వుతారు. జుట్టూ కనుబొమ్మలూ ఊడిపోయిన మనిషి వరండాలో కూర్చుని, ఎర్రగుడ్డ ఎత్తి, మామగారి దగ్గు దగ్గి, గుడ్డ దించి, మళ్లీ పేపరు చదువుకునేవాడు. వీధిలో వెళ్లే సైకిళ్లు ఆగిపోయేవి. ఒకసారి పగటి నిద్రలో దగ్గాడు. గుడ్డ లేవలేదు. అక్క కాళ్లకి చెప్పుల్లేకుండా, నిద్రమత్తులో ఉన్న ఆయన్ని లాక్కుని ఆటో ఎక్కింది. సగం దారిలో కళ్లు తెరిచి, "కలలో ఎత్తానే!" అన్నాడు బావ. అయినా వెనక్కి తిప్పనివ్వలేదు అక్క. ఆస్పత్రి వాళ్లు రక్తం చూసి, అన్నీ చూసి, ఏమీ లేదని పంపించారు. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు. "ఊరికే వచ్చినా పర్లేదు, రాకపోతేనే ప్రమాదం" అంది.

ఇంకోసారి పై వాటాలో ఉండే ఇంటి ఓనరు రోగనిరోధక శక్తి పెంచే పొడి ఒకటి పట్టుకొచ్చాడు. చెంచాడు మింగితే పోయిన తెల్లకణాలన్నీ పరిగెత్తుకొస్తాయన్నాడు. అక్క డాక్టరమ్మకి ఫోను చేసి అడిగింది. తెలియని పొడులు కీమో మందుతో గొడవ పెట్టుకోవచ్చు, ఏదీ ఇవ్వొద్దంది ఆవిడ. ఓనరుకి చిన్నతనమనిపించింది. పొడి ఎంత మంచిదో చూపిస్తానని తనే చెంచాడు నోట్లో వేసుకున్నాడు. అది గొంతుకి అడ్డం పడి, గుమ్మంలో కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు. అక్క నీళ్లకోసం పరిగెత్తింది. బావ మాత్రం కళ్లు మూసుకుని శ్రద్ధగా విని, "సరుకు నిజమైనదే. ముగింపే తేలిపోయింది" అన్నాడు.

ఇలా రెండు విడతల కీమో గడిచింది. నిమ్మకాయ చిక్కుడు గింజంత అయ్యింది. మేం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మూడో విడత మందు ఎక్కించి ఇంటికొచ్చిన వారానికి సీరియల్ డైరెక్టరు ఫోను చేశాడు.

ఆ సీరియల్లో తండ్రి నాలుగేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. చంపుదామనుకున్నప్పుడల్లా చూసేవాళ్లు ఉత్తరాలు రాయడం, ఆయన ఇంకో ఆరు నెలలు దగ్గడం. ఇప్పుడు చానెల్ వాళ్లు ఇక చాలన్నారట.

"మాస్టారూ, ఆఖరి దగ్గు కావాలి. శుక్రవారంలోగా. మీకు ఒంట్లో బాలేదని విన్నాం, కుదరకపోతే ఏం పర్లేదండీ. మీ పాత దగ్గులు కంప్యూటరులో ముక్కలు చేసి అతికించేస్తాం."

బావ ఒంటికాలి మీద లేచాడు. నాలుగేళ్లు తను బతికించిన మనిషిని అతుకుల దగ్గుతో చంపుతారా అన్నాడు. స్టూడియోకి వెళ్తానంటే డాక్టరమ్మ వీల్లేదంది. కిటికీ లేని గది, పదిమంది నోటి తుంపర్లు పడే మైకు, ఒంట్లో చూస్తే కాపలా లేదు. సరే, ఇంట్లోనే అన్నాడు. పడకగదిలో నిలువెత్తు చెక్క బట్టల బీరువా ఉంది. కింది అర తీయించి, స్టూలు లోపల పెట్టి, చుట్టూ కోట్లూ దుప్పట్లూ వేలాడదీసి, చేతిలో ఫోను పట్టుకుని లోపల కూర్చున్నాడు. తలుపు వేస్తే స్టూడియో అయిపోయింది.

"ఆఖరి దగ్గు పెద్దగా ఉండకూడదే మరదలా," అని నాకు పాఠం చెప్పాడు. "నాలుగేళ్ల దగ్గంతా అందులో ఉండాలి, కానీ వినపడీ వినపడనట్టు ఉండాలి."

అక్కకి ఆ పని ససేమిరా నచ్చలేదు. "ఇలాంటప్పుడు చావు దగ్గు దగ్గుతారా ఎవరైనా?" అంది. అన్నాక స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పేసింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వచ్చింది. ఏడుస్తోందని నాకు తెలుసు, బావకీ తెలుసు. బావ బీరువా తలుపు కొద్దిగా తెరిచి స్నానాలగది వైపే చూస్తూ కూర్చున్నాడు. అయినా దిగిరాలేదు. మొండిఘటం.

గురువారం పొద్దున అక్క ఎప్పటిలా థర్మామీటరు పెట్టింది. మామూలుగానే ఉంది. టిఫిను వద్దని బావ శాలువా కప్పుకుని బీరువాలోకి వెళ్లిపోయాడు. నేను మిషను మీద ఎవరిదో కాలరు కుడుతున్నాను. అక్క వచ్చి నా పక్కన కూర్చుని, "ఇవాళ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూడవే. ప్రాణానికి హాయిగా ఉంది" అంది.

నిజమే, ప్రశాంతంగానే ఉంది. కాలరు ఒక వైపు పూర్తయ్యేదాకా నాకేమీ తట్టలేదు. రెండో వైపు తిప్పుతుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. కాఫీ వేళ దాటిపోయింది, వీలునామా దగ్గు రాలేదు. పొద్దున నేను ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టిన ఎర్రగుడ్డ మడత నలగకుండా అక్కడే ఉంది. పొద్దుటి నుంచి ఈ ఇంట్లో దొంగ దగ్గూ లేదు, నిజం దగ్గూ లేదు. "రాకపోవచ్చు" అన్న డాక్టరమ్మ మాట అప్పుడు చెవిలో మోగింది. కత్తెర కింద పడేసి పడకగదిలోకి పరిగెత్తాను.

బీరువా తలుపు లోపల నుంచి గలగలమని చప్పుడు. తెరిస్తే బావ దుప్పట్ల మధ్య ముడుచుకుని ఉన్నాడు. నెత్తిమీద హ్యాంగర్లన్నీ ఊగుతున్నాయి.

"షూ! రికార్డింగు," అన్నాడు.

"ఏం రికార్డింగు? దగ్గేదీ?"

"మూడ్‌లోకి వస్తున్నాను."

"ఈ హ్యాంగర్లెందుకు ఊగుతున్నాయి?"

"ఎఫెక్టు," అన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మెడ మీద చెయ్యి పెట్టాను. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. "బావా, నిజం చెప్పు. మాత్ర మింగావా?"

ఇలాంటి చోట ఆయన కచ్చితంగా దగ్గి తప్పించుకుంటాడు. నోరు తెరిచాడు, దగ్గలేకపోయాడు.

"తెల్లవారకముందే చలేసింది. మీ అక్క తలనొప్పి మాత్రలు రెండు మింగాను. రేపటితో పని అయిపోతుంది, ఎల్లుండి ఆస్పత్రికి పోదామనుకున్నానే," అన్నాడు చిన్నగా. "దగ్గు రాలేదు కదా. దగ్గు రాకపోతే ఏముంటుందిలే అనుకున్నా."

నాకు కోపం, భయం, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఆయన్ని లేపి, అక్కా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని వీధిలోకి నడిపించాం. మెట్ల మీద ఓనరు ఎదురొచ్చి, "దగ్గు వినపడలేదే, మరి ఆస్పత్రికెందుకు?" అన్నాడు.

"వినపడలేదనే!" అని అరిచింది అక్క.

ఆస్పత్రి ఎమర్జెన్సీ బల్ల దగ్గర ఉన్నతను ఏమిటి ఇబ్బంది అని అడిగాడు. అక్కకి ఒళ్లు తెలియట్లేదు. "మా ఆయన దగ్గట్లేదండీ!" అంది. అతను ఆమెని ఎగాదిగా చూసి, "మంచిదే కదమ్మా" అన్నాడు. నేను అక్కని పక్కకి నెట్టి, "కీమో పేషెంటు, రెండో వారం, ఒళ్లు కాలిపోతోంది" అన్నాను. అప్పుడు మాత్రం అక్కడున్నవాళ్లందరికీ కాళ్లకి చక్రాలొచ్చాయి. మంచం మీదికి ఎక్కించడం, రక్తం తీయడం, రిపోర్టు రాకముందే నరానికి యాంటీబయాటిక్ పెట్టడం చకచకా జరిగిపోయాయి. రక్తపోటు అప్పటికే పడిపోయిందట. తెల్లకణాలు వెతికితే దొరకనంత తక్కువున్నాయట. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. స్కాను తీస్తే కుడి ఊపిరితిత్తిలో మసక కనపడింది.

డాక్టరమ్మ ఓపిక ఆ రోజు పొట్టిదైపోయింది. "ఇంకో పూట బీరువాలో కూర్చుని ఉంటే ఇక్కడికి తెచ్చి లాభముండేది కాదు మాస్టారూ" అంది. బావ పిల్లాడిలా తల దించుకున్నాడు.

ఆయన్ని విడిగా గాజు తలుపు గదిలో పెట్టారు. మాస్కు వేసుకుని అక్క ఒక్కతే లోపల. నేను అద్దం ఇవతల. గాజు గదిలో బావ ఉండటం కొత్త కాదు గానీ చప్పుడు చేయకుండా ఉండటం కొత్త. యాంటీబయాటిక్కులు ఎక్కుతూనే ఉన్నాయి. మూలుగని లేపడానికి ఇంజెక్షన్లు పొడుస్తున్నారు. జ్వరం దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. బావ కళ్లు మూసుకుని పడి ఉంటున్నాడు. అక్క బయటికొచ్చినప్పుడు నా భుజం మీద తల పెట్టి, "ఎన్నేళ్లు ఆపమన్నానే, ఇప్పుడు ఆపేశాడు. నాకు ఆ గదిలో ఊపిరాడట్లేదు" అంది. ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాను. నా నోరు పనికిరాని రోజు అది ఒక్కటే.

జ్వరం తగ్గుముఖం పట్టిన రోజు బావ డాక్టరమ్మని అడిగాడు. గాజు తలుపు తెరిచే ఉంది కనక నాకూ వినపడింది.

"మీ మందు నా మనుషుల్నే చంపుతుంటే, మరి నా పక్షాన నిలబడేదెవరండీ?"

"అందరూ పోరు మాస్టారూ. కొందరు మిగులుతారు. పైగా ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని కీమో మందుల దెబ్బకి క్యాన్సర్ కణం చడీచప్పుడు లేకుండా చావదు, చచ్చేటప్పుడు చుట్టుపక్కలకి తెలిసేలా గోల చేసి చస్తుంది. మీకిచ్చే వాటిలో అలాంటిదొకటి ఉంది. ఆ గోలకి మిగిలిన కాపలా కణాలు వచ్చి, ఇన్నాళ్లూ మనవాడే కదా అని వదిలేసినదాన్ని ఆనవాలు పడతాయి. అంటే ఒక చేత్తో కాపలాని తగ్గించే మందే, రెండో చేత్తో దానికి దొంగని చూపిస్తుంది. ఎవరిలో ఎంత జరుగుతుందో ఇంకా పూర్తిగా తెలియదు, అందరం చదువుతూనే ఉన్నాం."

బావ కళ్లలో ఎన్నాళ్లకో వెలుగొచ్చింది. "చచ్చే ముందు చప్పుడన్నమాట! అంటే లోపల అవన్నీ ఆఖరి దగ్గు దగ్గుతున్నాయి."

"అలాగే అనుకోండి."

"సొంత గొంతేనా అండీ, లేక ఎవరైనా డబ్బింగు చెప్తున్నారా?"

డాక్టరమ్మ మాస్కు లోపలే నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఆయన జోకు వేశాడని నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున రక్తపరీక్షలో తెల్లకణాలు లేస్తున్నాయన్నారు. మంచి వార్తే, కానీ అవి లేచి ఏం చేస్తాయో ఇంకా చూడాలన్నారు. బావ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడే సీరియల్ డైరెక్టరు ఫోను. అక్క ఫోను పట్టుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి నాకూ వినపడేలా స్పీకరు పెట్టింది.

"మాస్టారూ, ఎలా ఉన్నారు? మీరు గురువారం పంపిన రికార్డింగు విన్నామండీ."

బావ తెల్లబోయాడు. ఆయనేమీ పంపలేదు. ఆటోలో వణుకుతున్న వేలు ఎక్కడ తగిలిందో, అదే వెళ్లిపోయినట్టుంది.

"అందులో దగ్గు లేదు గానీ ఆ గలగల అద్భుతమండీ! తండ్రి పోతుంటే ఇంట్లో వస్తువులన్నీ వణుకుతున్నట్టుంది. అది వాడేసుకుంటాం. దాని పక్కన చిన్న దగ్గు ఒక్కటిస్తే..."

బావ జవాబు చెప్పబోయాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట లోపలికి పోయింది, ఆ తర్వాత ఎక్కడో అడుగు నుంచి తడితడిగా, గరగరగా, వంకరగా ఒక దగ్గు బయటికొచ్చింది. దానికి మొదలు లేదు, తుద లేదు, విరుపు లేదు. మధ్యలో ఒకచోట కీచుమంది. ఇంత అందవికారమైన దగ్గు ఆ గొంతులోంచి రావడం నేనెప్పుడూ వినలేదు. అద్దం ఇవతల నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డ్యూటీ సిస్టరు పరిగెత్తుకొచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఆక్సిజను చూసి, "పర్లేదు, పర్లేదు. లోపల మనవాళ్లు కొట్లాట మొదలుపెట్టారు" అంది.

ఫోనులో డైరెక్టరు, "ఎవరండీ ఆ దగ్గింది?" అన్నాడు.

"నేనేనయ్యా," అన్నాడు బావ రొప్పుతూ.

"అబ్బే, ఇది వద్దు మాస్టారూ. ఏమనుకోకండి, బొత్తిగా నమ్మేట్టు లేదు."

బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నమ్మేట్టు లేదా? ఒరే..." అని లేవబోయాడు. అక్క ఫోను కట్టేసి కుర్చీ మీద పడేసింది. బావకి ఇంకో దగ్గు తన్నుకొస్తోంది. అలవాటు కొద్దీ చెయ్యి దిండు కిందికి పోయి ఎర్రగుడ్డ కోసం తడుముకుంది. గుడ్డ అక్క గుప్పిట్లో ఉంది, బయల్దేరేటప్పుడు బల్ల మీంచి తెచ్చుకున్నట్టుంది. ఎప్పటి నుంచి అలా నలిపేస్తోందో, నేను కుట్టిన అంచంతా ఊడిపోయింది.

"గుడ్డ లేదండీ," అంది అక్క మంచం మీద కూర్చుని ఆయన వీపు మీద చెయ్యేస్తూ. "ఊరికే దగ్గండి."

బావ దగ్గాడు. ఇందాకటి కంటే అధ్వాన్నంగా ఉంది. అక్క ఆ ఎర్రగుడ్డతో ముందు ఆయన నోరు తుడిచి, దాంతోనే తన కళ్లు తుడుచుకోబోయింది. సిస్టరు గబుక్కున ఆ గుడ్డ లాక్కుని చెత్తబుట్టలో పడేసి, "మీకేమైనా పిచ్చా అమ్మా?" అని కసిరింది. అక్కకి ఆ తిట్టు వినపడలేదు. ఆయన వైపు ఇంకాస్త వంగి, మాస్కులోంచి, "ఏదీ, ఇంకోసారి" అంది.